పాస్టర్ లేని ఆదివారం: గోదావరి డెల్టాలో స్నేహితులు కట్టిన సంఘాల కథ

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పొడుగు, ముందే చెప్పేస్తున్నా. బస్సులో ఉంటే కిటికీ పక్కన సెటిలైపోండి.

మాది కొత్తపేట. కోనసీమ కొత్తపేట అండి. ఊరికే కొత్తపేట అంటే హైదరాబాద్‌లో అందరూ దిల్‌సుఖ్‌నగర్ పక్కది అనుకుంటారు. మా ఊళ్లో సంక్రాంతి అంటే ప్రభల తీర్థం. మర్నాడు కనుమకి జగ్గన్నతోటలో ఇంకా పెద్దది, పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభలెక్కి వస్తారు. గంగలకుర్రు ప్రభని కౌశిక కాలువ దాటించే వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. కింద నీళ్లు, భుజాల మీద అంత బరువు, చుట్టూ "అశ్శరభ శరభ" అని కేకలు.

ఆ భుజం పెట్టిన కుర్రాణ్ని గట్టు మీద ఆపి "పదకొండు మంది రుద్రుల పేర్లు చెప్పు తమ్ముడూ" అని అడగండి. చాలామంది నాలుగైదు దగ్గర ఆగిపోతారు. మరి నీళ్లలోకి ఎందుకు దిగావు అంటే "మా బ్యాచ్ అంతా దిగింది కదండీ" అంటారు. దీన్ని చూసి "వీళ్లకి భక్తి ఏం తెలుసు" అని వెక్కిరించేవాళ్లున్నారు. నాకైతే అలా అనిపించదు. భక్తి వాళ్లలోకి వచ్చిన దారే అది. పక్కవాడి భుజం మీదుగా వచ్చింది. పేర్లు తర్వాత నేర్చుకుంటారు, నేర్చుకోకపోయినా వచ్చే ఏడాది మళ్లీ దిగుతారు.

ఇది గుడికైనా మసీదుకైనా చర్చికైనా ఒకటే. ఈ రోజు మాత్రం చర్చి కథే చెప్తా. ఎందుకంటే ఈ విషయంలో ఒక పెద్ద ప్రయోగం మన డెల్టాలోనే, వశిష్ట గోదావరికి అవతలి ఒడ్డున మొదలైంది. జీతమిచ్చి పెట్టుకున్న పాస్టర్ ఉండడు, హెడ్డాఫీసు ఉండదు. స్నేహితుల్లా కూర్చుని ఆరాధించే సంఘాలు. బ్రదరన్ సంఘాలు అంటారు. 190 ఏళ్లకి దగ్గరపడింది వాటి వయసు. వాటి కథ చదువుతుంటే నాకు ఒకటే అర్థమైంది: అక్కడ ఎవరు ఏం నమ్మారు, ఎలా మొక్కారు అన్నది ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు అన్నదాంతోనే చాలావరకు తేలిపోయింది. ఆ స్నేహమే తలుపు తెరిచింది. కొన్నిసార్లు అదే గడియ కూడా పెట్టింది.

ముందు ఆ ఆదివారం ఎలా ఉంటుందో చెప్పాలి, తెలియనివాళ్లకి. లూథరన్ చర్చికి వెళ్తే ముందు వేదిక, దాని మీద గౌను వేసుకున్న అయ్యగారు, ఆరాధన క్రమం అన్నీ ఉంటాయి. బ్రదరన్ సంఘంలో బల్ల ఆరాధన అంటే మధ్యలో ఒక బల్ల, దాని మీద రొట్టె, ద్రాక్షారసం. చుట్టూ మనుషులు. చాలాసేపు నిశ్శబ్దం. ఎవరో ఒక సహోదరుడు లేచి పాట నంబరు చెప్తాడు, అందరూ పాడతారు. మళ్లీ నిశ్శబ్దం. ఇంకొకాయన లేచి ప్రార్థన చేస్తాడు. ఆయన వారం రోజులు కొబ్బరికాయలు ఒలిచే మనిషి కావచ్చు, స్కూల్లో లెక్కల మాస్టారు కావచ్చు. ఎవరు లేవాలో ముందుగా రాసిన లిస్టు ఉండదు. చివరికి రొట్టె విరిచి చేతి నుంచి చేతికి ఇస్తారు.

ఒక మాట ఇక్కడే అనేస్తా, లేకపోతే మీరే అంటారు. ఈ లేచి మాట్లాడే స్వేచ్ఛ ఎక్కువ సంఘాల్లో సహోదరులకే. సహోదరీలు తల మీద ముసుగు వేసుకుని పాటలో గొంతు కలుపుతారు, అంతే. అందరం ఒకటే అన్న చోట సగం మంది నోరు విప్పరు. ఆ లోటు కథ మొదటి నుంచీ ఉంది.

ఇంకొక పద్ధతి నాకు భలే నచ్చింది. ఒక సంఘంలో మనిషి ఇంకో ఊరు వెళ్తే, అక్కడి బల్ల దగ్గర కూర్చోవడానికి సొంత సంఘం పెద్దల నుంచి ఒక ఉత్తరం పట్టుకెళ్తాడు. "ఈ సహోదరుడు మాకు తెలుసు, మాతో సహవాసంలో ఉన్నాడు, చేర్చుకోండి" అని. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పాలంటే లాగిన్ విత్ గూగుల్. మీరెవరో ఈ సైటుకి తెలియదు, కానీ మిమ్మల్ని ఎరిగినవాళ్లు హామీ ఇచ్చారు, లోపలికి రండి. అంటే ఆ మతంలో ఐడీ కార్డు స్నేహమే.

సరే, ఇది ఎక్కడ పుట్టింది? ఐర్లండ్‌లో డబ్లిన్ అనే ఊళ్లో, 1820ల చివర్లో. హీరో ఒక పళ్ల డాక్టరు. పేరు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, పుట్టింది 1795లో. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో మంచి ప్రాక్టీసు, బాగా సంపాదన. ముందు ఆదాయంలో పదో వంతు ఇచ్చేవాడు, తర్వాత నాలుగో వంతు, ఆ తర్వాత మొత్తం ఇచ్చేద్దాం అనుకున్నాడు. మిషనరీ అవ్వాలంటే చర్చి పట్టా కావాలి కదా అని డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చేరి, ఇంగ్లండ్ నుంచి సముద్రం దాటి పరీక్షలకి వెళ్లొచ్చేవాడు. అక్కడ కొంతమంది పరిచయమయ్యారు. బెల్లెట్ అని ఒక లాయరు, క్రోనిన్ అని ఒక డాక్టరు, ఇంకొందరు. కలిసి బైబిల్ చదువుకునేవాళ్లు, కలిసి భోంచేసేవాళ్లు. కానీ ఆదివారం వచ్చేసరికి ఒకరు ఒక చర్చికి, ఇంకొకరు ఇంకో చర్చికి. ఒక చర్చిలో సభ్యత్వం ఉన్నవాణ్ని ఇంకో చర్చి బల్ల దగ్గరికి రానిచ్చేది కాదు. వారమంతా ఒక కంచంలో తిన్నవాళ్లు ఆదివారం మాత్రం ఒక రొట్టె తినకూడదు.

గ్రోవ్స్ తన స్నేహితుడు బెల్లెట్‌తో అన్నది సింపుల్ మాట. మనం విశ్వాసులం, కలిసి ఉన్నాం, రొట్టె ఇక్కడే విరుచుకుందాం, దీనికి ఎవరి పర్మిషన్ కావాలి? ఇంకొన్నాళ్లకి ఇంకో అడుగు వేశాడు: బోధించడానికి పట్టా ఎందుకు? సిద్ధాంత గ్రంథాలు రాసి, వాదించి, తర్వాత కూర్చున్న బల్ల కాదిది. ముందు స్నేహం ఉంది, ఆ స్నేహానికి అడ్డొచ్చిన రూల్‌ని తీసేశారు. తీసేశాక మిగిలిన దానికి బైబిల్లోంచి ఆధారాలు పేర్చుకున్నారు. చరిత్రలో మతాలు చాలాసార్లు ఈ వరసలోనే కదులుతాయని నా నమ్మకం, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

గ్రోవ్స్ 1829లో కుటుంబంతో బాగ్దాద్ వెళ్లాడు. 1831లో అక్కడ ప్లేగు వచ్చింది, వరద వచ్చింది, భార్య మేరీ చనిపోయింది. 1833లో ఇండియా చేరాడు. ఇక్కడ తిరిగి చూసి, మళ్లీ ఇంగ్లండ్ వెళ్లి, 1836లో కొంతమందిని వెంటబెట్టుకుని మద్రాసులో దిగాడు. వాళ్లలో ఇద్దరు మన కథకి ముఖ్యం: విలియం బౌడెన్, జార్జ్ బీర్. ఇద్దరూ భార్యలతో వచ్చారు. ఇంగ్లండ్‌లో డెవన్ జిల్లా, బార్న్‌స్టేపుల్ అనే ఊరు. అక్కడ రాబర్ట్ చాప్మన్ అనే ఆయన నడిపే సంఘంలో వీళ్లు సభ్యులు. యూనివర్సిటీ పండితులు కారు, మామూలు మనుషులు. పంపడానికి మిషన్ బోర్డు లేదు, నెలజీతం లేదు. ఊళ్లో తమతో రొట్టె విరిచినవాళ్లు ఎప్పుడు ఏం పంపితే అదే. నెలల దూరంలో ఉన్న స్నేహం మీద ఆధారపడి రెండు జంటలు నరసాపురం వచ్చి దిగాయి.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లినవాళ్లకి ఆ ఒడ్డు తెలుసు. ఇప్పుడు లేసు, చీరలు, బట్టల షాపులు. అప్పుడు మాత్రం డెల్టా కష్టాల్లో ఉంది. 1832–33 కరువు అప్పుడే వెళ్లింది. 1839లో కోరంగిని తుపాను తుడిచేసింది. వానలు పడకపోతే ఎండ, పడితే వరద, గోదావరి నీళ్లన్నీ సముద్రంలోకి. అలాంటి చోట నరసాపురంలోనూ పాలకొల్లులోనూ వీళ్లు మకాం పెట్టి, తెలుగు నేర్చుకుని, సంతల్లోనూ తీర్థాల్లోనూ నిలబడి మాట్లాడారు. మొదట్లో ఏళ్ల తరబడి వినేవాళ్లే తప్ప చేరేవాళ్లు పెద్దగా లేరు. దానికి నాకు కనిపించే కారణం ఇది. సంతలో చెప్పిన మాట ఎంత మంచిదైనా, సాయంత్రం ఇంటికి వెళ్లాక ఆ మాట గురించి మాట్లాడుకోవడానికి పక్కన ఎవరూ లేరు. ఒక్కడే నమ్మితే ఊరు వెలేస్తుంది. నమ్మకం నిలవాలంటే కనీసం ఇంకొక మనిషి కావాలి.

ఆ ఇంకొక మనిషిని ఇచ్చింది ఎవరో తెలుసా? ధవళేశ్వరం ఆనకట్ట.

కాటన్ దొర గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, కోనసీమలో ఆయన బొమ్మ లేని ఊరు తక్కువ. 1847లో ఆనకట్ట పని మొదలైంది, 1852కి పూర్తయింది. వేలాది కూలీలు. వేరు వేరు ఊళ్ల నుంచి, ఎక్కువగా పేటల నుంచి వచ్చినవాళ్లు. ఊళ్లో ఉన్నన్నాళ్లు ఎవరి వాడ వాళ్లది, ఎవరి బావి వాళ్లది. పని దగ్గర మాత్రం పొరుగూరి మనిషితో కలిసి రాయి మోయాలి, రాత్రి ఒకే చోట పడుకోవాలి. మిషనరీలు ఆ గుడారాల మధ్యకి వెళ్లారు. మొదటిసారి మాట వినడానికీ, విన్నాక దాని గురించి రాత్రంతా మాట్లాడుకోవడానికీ ఒకే గుంపు దొరికింది. వరద కాలం వస్తే పని ఆగుతుంది, మనుషులు ఊళ్లకి వెళ్తారు. వెళ్లేటప్పుడు మాటని ఒంటరిగా తీసుకెళ్లలేదు. "ధవళేశ్వరంలో నాతో పనిచేసిన ఫలానా ఊరి ఆయన కూడా దీంట్లో ఉన్నాడు" అన్న ధైర్యంతో తీసుకెళ్లారు. ఆనకట్ట నీళ్లు ఏ కాలువ వెంట వెళ్లాయో, సంఘాలు కూడా దాదాపు ఆ దారుల్లోనే వెళ్లాయి.

దీనికి తోడుగా ఒంగోలు వైపు ఇంకో కేసు చూడండి. యెర్రగుంట్ల పేరయ్య అని ఒకాయన, తోలు వ్యాపారి, మాదిగ. చదువు రాదు కానీ రాజయోగం సాధన చేసినవాడు, ఆయనకి శిష్యుల్లాంటి బంధువులు, స్నేహితులు చాలామంది. వ్యాపారం పని మీద ఉత్తరాదికి తిరుగుతూ, క్రైస్తవుడైన ఒక బంధువు ద్వారా ఈ మాట విన్నాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత ఏం జరిగిందంటే, యోగం కోసం ఆయన చుట్టూ కూర్చున్న మనుషులే ప్రార్థన కోసం కూర్చోవడం మొదలుపెట్టారు. నెట్‌వర్క్ అదే, దాంట్లో వెళ్లే మెసేజ్ మారింది. 1876–78 కరువులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలువలో కొంత ముక్క కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చాడు. పేరయ్య లాంటి బోధకులు అక్కడ మేస్త్రీలుగా, పని చూసేవాళ్లుగా ఉన్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

"ఆకలికి, బియ్యానికి మారారు" అని ఇప్పటికీ ఈ విషయం మీద ఒకే లైను వినిపిస్తుంది. కానీ కరువు పని, సహాయం నడిచినన్నాళ్లు క్లౌ బాప్తిస్మాలే ఆపేశాడు, సరిగ్గా ఈ అనుమానం రాకూడదనే. ఆకలి మనుషుల్ని కాలువ గట్టు మీదకి తెచ్చింది, నిజం. అయితే ఆ గట్టు మీద వాళ్లని నెలల తరబడి పట్టుకుని కూర్చున్నది బంధుత్వం, స్నేహం. ఒక్క కారణంతో చరిత్ర చెప్పేవాళ్లని నేను పెద్దగా నమ్మను.

ఇప్పుడు అసలు డ్రామా. డబ్లిన్ బ్యాచ్‌లో ఇంకొకడు ఉన్నాడు, జాన్ నెల్సన్ డార్బీ. చాలా తెలివైనవాడు, పట్టుదల మనిషి. గ్రోవ్స్‌కి స్నేహితుడే. కానీ 1836లోనే, ఇంగ్లండ్ వదిలే ముందు, గ్రోవ్స్ అతనికి ఒక ఉత్తరం రాశాడు. దాని సారం ఇది: మనం మొదట కలిసింది ఒకే జీవాన్ని పంచుకున్నందుకు. ఇప్పుడు నువ్వు ఎవరికి ఎంత తెలుసు, ఎవరు ఏ పాయింటులో తప్పు అని చూసి మనుషుల్ని కొలుస్తున్నావు. ఇలా వెళ్తే ఏ సంకుచిత గుంపుల్లోంచి బయటికొచ్చామో, అంతకన్నా చిన్న గుంపు అవుతాం.

పన్నెండేళ్లకి, 1848లో, అదే జరిగింది. ప్లిమత్‌లో న్యూటన్ అనే బోధకుడు క్రీస్తు గురించి తప్పుగా చెప్పాడని గొడవ. ఆ సంఘం నుంచి కొందరు బ్రిస్టల్‌లో బెతెస్ద సంఘానికి వచ్చారు. అక్కడ పెద్దలు జార్జ్ ముల్లర్, హెన్రీ క్రెయిక్. ముల్లర్ అంటే అనాథాశ్రమాల ముల్లర్, గ్రోవ్స్‌కి స్వయానా బావ, గ్రోవ్స్ చెల్లెల్ని చేసుకున్నాడు. వాళ్లు వచ్చినవాళ్లని ఒక్కొక్కరినీ విచారించి, ఈ తప్పు బోధ నమ్మనివాళ్లని చేర్చుకున్నారు. డార్బీ కుదరదన్నాడు. ఆ గుంపుతో కూర్చున్నవాడితో కూర్చున్నవాడు కూడా తప్పే అన్నాడు. మొత్తం బెతెస్దనీ, దాన్ని కాదననివాళ్లనీ వెలివేశాడు. దాంతో బ్రదరన్ రెండుగా చీలింది: ఓపెన్, ఎక్స్‌క్లూజివ్.

బాగా గమనించండి, స్నేహం మీద కట్టిన మతం పగిలితే ఇలాగే పగులుతుంది. బిషప్ ఉంటే పై నుంచి ఒక ఆర్డరు వస్తుంది, ఇష్టమున్నా లేకపోయినా ఒకే కప్పు కింద ఉంటారు. ఇక్కడ కప్పే స్నేహం. అది పోతే ఊరూరా, ఇంటింటా చీలిక. స్నేహితుడి స్నేహితుణ్ని బ్లాక్ చేయడం అనే పద్ధతి సోషల్ మీడియా కనిపెట్టలేదు, 1848లోనే ఫుల్ వెర్షన్ ఉంది.

గోదావరి డెల్టాకి దీంతో ఏం పని అంటారా? బౌడెన్, బీర్ వచ్చిన దారి గ్రోవ్స్‌ది, చాప్మన్‌ది. ముల్లర్‌తో సంబంధం ఉన్న గుంపు అది. కాబట్టి మన డెల్టా సంఘాలు ఓపెన్ వైపు నిలిచాయి. పాలకొల్లులో రొట్టె విరిచే రైతుకూలీ ఎవరూ న్యూటన్ తప్పేంటో చదివి ఓపెన్ వైపు ఓటెయ్యలేదు. ఇంగ్లండ్‌లో ఎవరు ఎవరి ఫ్రెండో, దాన్ని బట్టి ఇక్కడ తలుపు ఎంత తెరుచుకోవాలో తేలింది. గ్రోవ్స్ చాలా ఏళ్లు చిత్తూరు వైపు గడిపి, జబ్బు పడి తిరిగి వెళ్లి, 1853లో బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంట్లోనే చనిపోయాడు.

ఇంగ్లండ్ వాళ్లు సిద్ధాంతం మీద "ఎవరి పక్కన కూర్చోవాలి" అని కొట్టుకుంటే, ఇక్కడ ఆ ప్రశ్నకి ఇంకో పేరుంది. కులం.

డెల్టాలో ఎక్కువ సంఘాలు పేటల్లో పుట్టాయి. దానికి కారణం స్నేహమే అని పైన చెప్పుకున్నాం కదా, దాని రెండో వైపు ఇది. స్నేహం ఏ వీధుల్లో తిరుగుతుందో సంఘం ఆ వీధుల్లోనే పెరుగుతుంది. వీధి కులాన్ని బట్టి ఉంటే సంఘమూ కులాన్ని బట్టే ఉంటుంది. ఆంధ్రలో మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరుగా కూడుకునే ఊళ్లున్నాయి. బైబిల్లో అలా లేదని అందరికీ తెలుసు. తెలియక కాదు. ఆదివారం పక్కన కూర్చునేది శనివారం పక్కన కూర్చున్నవాడే.

దీన్ని కావాలని కదిలించడానికి ప్రయత్నించినవాళ్లలో పెద్ద పేరు భక్తసింగ్ గారు. 1903లో పంజాబ్‌లో జోయియా అనే ఊళ్లో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగ్ చదువుకి 1926లో లండన్, తర్వాత కెనడా వెళ్లారు. విన్నిపెగ్‌లో హేవర్డ్ అనే దంపతులు పరిచయమయ్యారు. కొత్త నిబంధన ఇచ్చారు, అంతకన్నా ముఖ్యంగా ఇంట్లో పెట్టుకున్నారు. పరాయి దేశంలో చదువుకునే కుర్రాడికి భోజనం, గది, మాట్లాడే మనుషులు దొరికారు. అమీర్‌పేట హాస్టల్లో ఉన్న ఎవరికైనా ఆ విలువ తెలుస్తుంది. 1932లో వాంకోవర్‌లో బాప్తిస్మం, 1933లో తిరిగి ఇండియాకి. మతం మారిన సంగతి బయటపెట్టొద్దని తల్లిదండ్రులు అడిగితే, కుదరదన్నారు. వాళ్లు ఇంటికి తీసుకెళ్లలేదు.

ఆయన 1941లో మద్రాసులో ఒక సంఘం మొదలుపెట్టారు. 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను. అక్కడ ఏటా పెద్ద సభలు జరుగుతాయి, వేలమంది రోజుల తరబడి ఒకే ఆవరణలో ఉంటారు. వాటిలో అందరూ చెప్పుకునేది బోధ ఒక్కటే కాదు, ప్రేమ విందు. నేల మీద వరసగా కూర్చోబెట్టి వడ్డిస్తారు. డాక్టరు పక్కన రిక్షా ఆయన, ఏ కులం, ఏ ఊరు అని అడగరు. గురుద్వారాలో లంగర్ పంక్తి చూస్తూ పెరిగిన మనిషికి ఈ ఐడియా ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో నాకు ఒక ఊహ ఉంది. ఊహే అనుకోండి. కానీ మందు ఎక్కడ వెయ్యాలో ఆయనకి తెలుసు. కులం తప్పని వంద ప్రసంగాలు చెప్పొచ్చు. దానికన్నా ముందు కలిసి తినిపించాలి, ఒకే షెడ్డులో పక్కపక్కన చాపలు వేయించాలి, కూరగాయలు కలిసి తరిగించాలి. అలా తెలిసిన మనిషి కోసం మనిషి ఊళ్లో కూడా ఒక అడుగు వేస్తాడు.

ఎంతవరకు పనిచేసింది? విందులో పనిచేసింది. పెళ్లిళ్ల దగ్గరికి వచ్చేసరికి చాలా ఇళ్లలో పాత లెక్కే. క్రైస్తవ మ్యాట్రిమోనీ ప్రకటన ఒకటి తీసి చూడండి, విశ్వాసి అయిన వధువు కావలెను అని రాసి, కింద కులం కూడా రాస్తారు. సభ నాలుగు రోజులు, ఊరు మూడు వందల అరవై రోజులు. 2000 సెప్టెంబరు 17న భక్తసింగ్ గారు హైదరాబాద్‌లో చనిపోయారు.

ఇదంతా మన దగ్గరి ముచ్చటేనా అనుకోకండి, పరిశోధనలున్నాయి. 1960ల్లో జాన్ లోఫ్లాండ్, రాడ్నీ స్టార్క్ అనే ఇద్దరు సోషియాలజిస్టులు అమెరికాలో ఒక చిన్న కొత్త మతగుంపులో కూర్చుని చూశారు. బోధ నచ్చి చేరతారనుకుంటాం కదా. వాళ్లు చూసింది వేరు. బయటి స్నేహాల కన్నా లోపలి స్నేహాలు గట్టిపడినప్పుడు జనం చేరారు, బోధ తర్వాత వంటబట్టింది. 2010లో చేయూన్ లిమ్, రాబర్ట్ పుట్నమ్ ఇంకో లెక్క తీశారు, ఇదీ అమెరికాదే. ప్రతి వారం ఆరాధనకి వెళ్లి, అక్కడ ముగ్గురు నుంచి ఐదుగురు దగ్గరి స్నేహితులున్నవాళ్లలో 33 శాతం మంది జీవితంతో అత్యంత తృప్తిగా ఉన్నామన్నారు. ప్రతి వారం వెళ్లినా అక్కడ దగ్గరి స్నేహితుడు ఒక్కడూ లేనివాళ్లలో 19 శాతమే. అసలు గుడికే వెళ్లనివాళ్లదీ దాదాపు అంతే. అంటే క్రమం తప్పకుండా వెళ్లి, ఎవరితోనూ కలవకుండా వెనక్కి వచ్చేస్తే, తృప్తి విషయంలో వెళ్లనట్టే.

మన దగ్గర ఈ లెక్క తియ్యడం అంత ఈజీ కాదు, ఎందుకంటే ముందు ఎవరు క్రైస్తవులో కాగితం చెప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవం తీసుకున్న దళితుడు ఎస్సీ కాకుండా పోతాడు, మన రాష్ట్రంలో బీసీ-సీలోకి వెళ్తాడు, అక్కడ రిజర్వేషన్ 1 శాతం. కాబట్టి సీటు కోసం, ఉద్యోగం కోసం, రక్షణ కోసం కాగితం మీద ఒకటి, ఆదివారం ఇంకొకటి. దీన్ని మోసం అనేవాళ్లు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలి: మతం మారితే కులం పోతుందని ఉత్తర్వు అంటోంది, ఊరు ఆ ఉత్తర్వు చదివిందా?

నాకు ఇక్కడ ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది ఇంకొకటి. కాగితం మద్దతు లేదు, పైగా కాగితంలో రాయించుకుంటే నష్టం. అయినా తరాలుగా ఆ బల్ల చుట్టూ జనం కూర్చుంటున్నారంటే దాన్ని పట్టి ఉంచుతున్నది ఏమిటి? రెండు వారాలు కనబడకపోతే "ఏమ్మా, ఒంట్లో బాలేదా" అని ఇంటికొచ్చే సహోదరి. ఆస్పత్రిలో ఉంటే క్యారేజీ పట్టుకొచ్చే కుటుంబం. ఆ కుటుంబానికే మన సంగతులన్నీ తెలుస్తాయి, అదీ నిజమే. కొడుకు ఎవరితో తిరుగుతున్నాడో ఆదివారం మధ్యాహ్నానికి సంఘం అంతటికీ తెలిసిపోతుంది. ప్రేమగా అడిగేవాళ్లూ, ఆరా తీసేవాళ్లూ ఒకే మనుషులు. ప్రశ్నలున్న కుర్రాడు దేవుడి మీద కోపంతో కన్నా ఈ ఆరాలకి భయపడే ముందు దూరమవుతాడు.

ఇప్పుడు ఆ స్నేహాలే ఊరు దాటి వెళ్లిపోయాయి. కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలుసు, ప్రతి వీధిలో ఒకరుంటారు. ఇళ్లల్లో పని. కువైట్‌లో సెలవు శుక్రవారం, కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణ ఒకటుంది, పదుల కొద్దీ సంఘాలు రకరకాల భాషల్లో వంతులవారీగా అక్కడే కూడుకుంటాయి. అక్కడ తెలుగు పాట మొదలైనప్పుడు పాలకొల్లు ఆమె, రాజోలు ఆమె, కడప ఆమె పక్కపక్కన ఉంటారు. ఊళ్లో వేరే పేట, వేరే సంఘం, అసలు ముఖాలు చూసుకునేవాళ్లు కారు. అక్కడ బ్రదరనా, లూథరనా, పెంతెకొస్తా అని అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. వారానికి ఒక్కసారి, అదీ యజమాని సెలవిస్తేనే, తెలుగులో మాట్లాడే మనిషి దొరకడమే గొప్ప. డబ్లిన్‌లో గ్రోవ్స్ అన్న మాటే ఇది, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే.

వాళ్లు రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద ఇంటికొస్తారు. చప్పట్లు కొట్టి పాడటం, అందరూ ఒకేసారి గట్టిగా ప్రార్థించడం అలవాటై వస్తారు. నిశ్శబ్దంగా కూర్చునే బల్ల ఆరాధనలో ఆ గొంతు పెద్దగా వినిపిస్తుంది. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. కొన్ని సంఘాల్లో వద్దంటారు. కొన్నింట్లో మరుసటి వారం నుంచి ఇంకో ఇద్దరు కూడా చప్పట్లు కొడతారు, సాధారణంగా ఆమె చిన్నప్పటి స్నేహితులు.

వచ్చే ఎపిసోడ్‌లో పి. గన్నవరం పాత అక్విడక్టు మీదకి వెళ్దాం, ఆ తోరణాల కింద బోలెడు కథ ఉంది. ఉంటానండి.